రైలు సిగ్నలు నియమములు – జ్ఞాపకోపాయములు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)

  

ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ గ్రంథాలయమును గూర్చి నాకు ముందు మాట్లాడిన పెద్దలు విపులముగా చెప్పియున్నారు. దాని పుట్టుపూర్వోత్తరములను మరల ఏకరువు పెట్టి మీ కాలమును హరింపను. నాకు అప్పగింపబడిన విషయము వేరు. మన పఠనమందిరమున కిటికీ ప్రక్కనున్న బల్లకడ ప్రతి సాయంకాలము కొందరు యువకులు కూర్చుండి రైలు ఉద్యోగముల పరీక్షలకు చదువుకొనుచుందురు. వారు నియమములను పైకి చదువుచుండగా వరండాలో వార్తాపత్రిక పట్టుకొని కూర్చున్న నాకు వినవచ్చుచుండును. ఒకనాడు వారిలో ఒక అబ్బాయి నాయొద్దకు వచ్చి, “తాతగారూ, ఉదయము చదివినది సాయంకాలమునకు నిలుచుట లేదు. ఇన్ని గంటలు, ఇన్ని రంగులు, ఇన్ని మీటరులు మీరెట్లు గుర్తుంచుకొంటిరి?” అని యడిగెను. ఆ ప్రశ్నకు అప్పుడు నిలువుకాళ్ళ మీద చెప్పిన సమాధానము నాకే తృప్తి కలిగింపలేదు. ఈ ఉపన్యాసము ఆ అబ్బాయికి నేను బాకీపడిన సమాధానమే.

మొదట ఒక మాట. డ్రైవరును నేడు లోకో పైలట్ అనియు, గార్డును ట్రైన్ మేనేజర్ అనియు పిలుచుచున్నారు. నా నోటికి పాత పేర్లే అలవాటు. వానినే వాడుదును, క్షమింపుడు.

కంఠస్థము చేయుట మన జాతికి క్రొత్త విద్య కాదు. ఎక్కములను రాగముతో వల్లించి నేర్చినవారము. ఛందస్సు చదివినవారికి ‘యమాతారాజభానసలగం’ అను ఒక్క మాటలో ఎనిమిది గణములును ఇమిడియుండుట తెలిసినదే. య, మా, తా అని మూడక్షరములు తీసికొనిన అది యగణము. మా, తా, రా అని తీసికొనిన అది మగణము. గణము పేరును, దాని రూపమును ఒక్కచోటనే దొరకును. పేరొకచోట, రూపమొకచోట వెదకికొనవలసిన పని లేదు. మంచి జ్ఞాపకోపాయమునకు ఇదియే లక్షణము.

మరియొక ఉదాహరణము అవధానము. అష్టావధానములో ఘంటాగణనమని ఒక అంశము కలదు. అవధాని ఒక ప్రక్క సమస్యను పూరించుచు, ఇంకొక ప్రక్క నిషిద్ధాక్షరిని తప్పించుకొనుచు, నడుమ నడుమ మ్రోగు గంటలను లెక్కించి చివరకు ఎన్నియో చెప్పును. చిన్న స్టేషనులో స్టేషను మాష్టరు పనియు ఇట్టిదే. ఒకవైపు టికెట్టు కొరకు వచ్చినవారు, ఒకవైపు టెలిఫోను, ఇంకొకవైపు పుస్తకములో వ్రాయవలసిన వేళలు. వీని నడుమ గంట మ్రోగును. అవధాని లెక్క తప్పిన సభ నవ్వి ఊరకుండును. స్టేషను మాష్టరు లెక్క తప్పిన ఏమగునో వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ గంటలతోనే ఆరంభింతును. రైలు దారిని బ్లాకు సెక్షనులుగా విభజింతురు. సామాన్యముగా రెండు స్టేషనుల నడిమి దారి ఒక సెక్షను. అందులో ఒక సమయమున ఒక బండియే ఉండవలెననునది మూలసూత్రము. కావున ఇవతలి స్టేషనువారు బండిని పంపుటకు ముందు అవతలి స్టేషనువారి అనుమతి పొందవలెను. ఇందుకు బ్లాకు యంత్రముల మీద గంటల భాష యొకటి ఏర్పడినది. ఒక గంట కొట్టిన ‘ఇటు వినుడు’ అని పిలుపు. రెండు కొట్టిన ‘దారి ఖాళీగా నున్నదా?’ అని ప్రశ్న. మూడు కొట్టిన బండి సెక్షనులో ప్రవేశించినదని కబురు. నాలుగు కొట్టిన బండి సెక్షను దాటి చేరినదని, లేక అడ్డంకి తొలగినదని కబురు. అయిదు కొట్టిన అంతకుముందు చెప్పినది రద్దు. ఆరు కొట్టిన దారిలో ఆపద యున్నది, బండిని ఆపుమని హెచ్చరిక.

క్రొత్తగా వచ్చినవారికి నేను దీనిని ఇట్లు నేర్పుచుంటిని: ఒకటి – ఓయి! రెండు – రావచ్చునా? మూడు – మొదలాయె. నాలుగు – నాదరి చేరె. అయిదు – అది కాదు. ఆరు – ఆపద. అంకె ఏ అక్షరముతో మొదలగునో దానికి దగ్గరి అక్షరముతోనే మాటయు మొదలగును. వినిన వెంటనే పిల్లలకు సైతము పట్టుబడును. మా ఇంటిలో నా మనుమరాలికి రైలు సంగతి ఏమియు తెలియకపోయినను ఈ ఆరును తప్పక చెప్పగలదు.

కాని నా మనుమరాలు స్టేషను మాష్టరు కాజాలదు. ఏలయన ఆమెకు మాటలు తెలియునే గాని వాని వరుసకు కారణము తెలియదు. మొదటి నాలుగు గంటలును ఒక బండి ప్రయాణపు క్రమమే: పిలుచుట, అడుగుట, బయలుదేరుట, చేరుట. మన ఇంటికి చుట్టము వచ్చునపుడు జరుగు క్రమమును ఇదియే. సవ్యముగా జరుగు పని నాలుగుతో ముగిసినది. అయిదును ఆరును జరుగరానివి జరిగినప్పటి మాటలు: ఒకటి పొరపాటు, రెండవది ప్రమాదము. ఈ కారణము తెలిసినవాడు నా మాటలను మరచినను వరుసను మరల తనంతట తాను కట్టుకొనగలడు. తెలియనివాడు ఒక్క మాట జారిపోయిన మిగిలినవి కూడ పోగొట్టుకొనును. ఆరు గంటల తరువాత కొంచెము ఆగి మరికొన్ని గంటలు కొట్టుటయు కలదు. ఆరు మీద ఒకటి కొట్టిన బండిని ఆపి పరీక్షింపుమని. రెండు కొట్టిన బండి చివర తోక దీపము గాని పలక గాని లేకుండ పోయినదని. మూడు కొట్టిన బండి ముక్కలైనదని. ‘మూడు ముక్కలు’ అని నా గుర్తు. ఆరు అను తలిదండ్రుల వెంట వచ్చు పిల్లలని వీనిని తలచినచో, ఏది విన్నను మొదట ఆపద యనియే మనస్సునకు తోచును. అదియే కావలసినది.

ఇక రంగుల సంగతి. ఇచ్చట మన భాషయే మనకొక చిక్కు తెచ్చిపెట్టినది. నేను క్రొత్తగా నేర్పుట మొదలిడిన దినములలో ప్రాసకు ఆశపడి ‘ఎరుపు ఆపు, పచ్చ పోవచ్చు’ అని ఒక గుర్తు కల్పించితిని. చెవికి ఇంపుగా నుండెను. రెండు వారములు గడచిన పిదప ఒక పల్లెటూరి కుర్రవానికి పసుపు దీపమును చూపి రంగేమని యడుగగా, వాడు సందేహింపక ‘పచ్చ’ అనెను. వాని తప్పేమి? మన ఇండ్లలో పసుపు కొమ్మును పచ్చగా నున్నదందుము. కామెరలు వచ్చినవాని కన్నులు పచ్చబడినవందుము. వరి చేనును పచ్చగా నున్నదందుము. రెండు రంగులకు ఒక్కటే మాట. ఇంటిలో దీనివలన నష్టము లేదు. పట్టాల మీద మాత్రము ‘మెల్లగా, ఆగుటకు సిద్ధముగా పొమ్ము’ అను ఆజ్ఞ ‘నిరభ్యంతరముగా పొమ్ము’ అను ఆజ్ఞగా మారిపోవును. ఆనాటి నుండి నా పాఠములో ‘పచ్చ’ అను ఒంటిమాటను నిషేధించితిని. అనిన ‘ఆకుపచ్చ’ అనవలెను, లేదా ‘పసుపు’ అనవలెను. ప్రాస పోయినది, ప్రమాదమును పోయినది. మనము కల్పించుకొను ప్రతి గుర్తును ఇట్లు తప్పుగా అర్థమగుటకు ఎక్కడ సందున్నదో వెదకి చూడవలెనని ఆ కుర్రవాడు నాకు నేర్పెను.

రంగు దీపముల సిగ్నలులో నాలుగు సూచనలుండును. ఎరుపు కనబడిన ఆగవలెను. ఒక పసుపు కనబడిన తరువాతి స్టాపు సిగ్నలుకడ ఆగుటకు సిద్ధపడి పోవలెను. రెండు పసుపులు కనబడిన తరువాతి సిగ్నలును తగ్గించిన వేగముతో దాటుటకు సిద్ధపడి పోవలెను. ఆకుపచ్చ కనబడిన పోవలెను. విద్యార్థులు పొరపడునది రెండు పసుపులకడ. ఒక పసుపు జాగ్రత్త యైన రెండు పసుపులు రెట్టింపు జాగ్రత్త కావలెను గదా యని తలచి, రెండింటినే కఠినమైన సూచనగా వ్రాయుదురు. నిజమునకు ఒక పసుపే కఠినము. దీనికి నేను చెప్పు గుర్తు: ‘పసుపులెన్నో, ఎరుపు అన్ని సిగ్నళ్ళ దూరము.’ నాలుగు సూచనల ఆటోమేటిక్ సిగ్నళ్ళున్న దారిలో సాధారణముగా ఒక పసుపు తరువాతి సిగ్నలు ఎరుపు. రెండు పసుపుల తరువాత ఒక పసుపు, దాని తరువాత ఎరుపు. ఇట్లు ఎరుపు నుండి వెనుకకు లెక్కించుకొనిన తికమక యుండదు. దీపము వెలుగక పోయినను, సగము సగముగా కనబడినను, ఆ సిగ్నలు చూపగల సూచనలలో అన్నిటికంటె కఠినమైన దానినే చూపుచున్నట్లు భావింపవలెనని నియమము. దీనిని ‘సందేహమే ఎరుపు’ అని గుర్తుంచుకొనుడు.

పాతబడిన గుర్తు ఎంత ముప్పో తెలుపు ఉదంతమొకటి ఇంగ్లండు రైళ్ళ చరిత్రలో కలదు. పందొమ్మిదవ శతాబ్దమున అచ్చట రాత్రివేళ తెల్లదీపము చూపిన పొమ్మని, ఆకుపచ్చ చూపిన మెల్లగా పొమ్మని, ఎరుపు చూపిన ఆగుమని అర్థము. ఆ మూడు రంగులను కూర్చిన చిన్న గేయమొకటి నాటి రైలువారి నోట ఆడుచుండెను. ఆ పద్ధతిలో దోషములు రెండు. ఊళ్ళలో వెలుగు ప్రతి తెల్లదీపమును సిగ్నలువలె కనబడును. అంతకంటె ఘోరమేమనగా, ఎర్ర అద్దము పగిలినచో లోపలి దీపము తెల్లగా కనబడి, ఆగుమనవలసిన సిగ్నలు పొమ్మని చెప్పును! ఆ శతాబ్దము చివరి దశాబ్దమున తెల్లదీపమును తొలగించి ఆకుపచ్చకు ‘పొమ్ము’ అను అర్థమిచ్చిరి. అప్పుడు ఆ గేయమును నోటికి నేర్చినవారు దానిని మనస్సు నుండి చెరిపివేసికొనవలసి వచ్చి యుండును. నోటికి వచ్చినది చెరిపివేయుట నేర్చుటకంటె కష్టము. కావున నియమములు సవరింపబడిన ప్రతిసారియు మన గుర్తులను కూడ బయటికి తీసి సరిచూచుకొనవలెను. తాత చెప్పినాడు గదా యని నా మాటను నమ్మి పుస్తకము చూడక పోవలదు.

సంఖ్యలను గూర్చి కొంచెము చెప్పుదును. బండి ఏదైన కారణమున స్టేషనుల నడుమ నిలిచిపోయి, వెనుకనుండి గాని ఎదుటినుండి గాని మరియొక బండి వచ్చు అవకాశమున్నచో, గార్డు మొదలైనవారు దానికి రక్షణ కల్పింపవలెను. ఇందుకు డిటొనేటరులను వాడుదురు. ఇవి పట్టా మీద బిగించు బిళ్ళలు. చక్రము వాని మీదికి ఎక్కగానే పెద్దగా ప్రేలి డ్రైవరును హెచ్చరించును. బ్రాడ్‌గేజి దారిలో నిలిచిన బండి నుండి 600 మీటరుల దూరమున ఒకటియు, 1200 మీటరుల దూరమున పదేసి మీటరుల ఎడముతో మూడును పెట్టవలెను. ‘ఆరుకు ఒకటి, పన్నెండుకు మూడు, నడుమ పది’ అని వల్లించిన సరిపోవును. కాని 600 కడ ఆ ఒక్కటి ఏల? మూడును దూరముననే పెట్టుచున్నాము గదా? ఈ ప్రశ్న వేయని విద్యార్థి పరీక్షలో గట్టెక్కును, చీకటిలో గట్టెక్కడు.

ఆ మనిషి ఎర్ర లాంతరు పట్టుకొని కంకరరాళ్ళ మీద నడచిపోవుచున్నాడనుకొనుడు. 1200 మీటరులు నడచుటకు చాలసేపు పట్టును. ఈలోపల బండి వచ్చిన? అందుకని దారిలోనే, సగము దూరమున, ఒకటి పెట్టి ముందుకు సాగవలెను. పూర్తి రక్షణ కల్పించు లోపల అది సగము రక్షణ. పని ముగిసి అతనిని వెనుకకు పిలిచినపుడు దూరముననున్న మూడింటిని అచ్చటనే విడిచి, నడుమ నున్న ఒకదానిని తీసికొని రావలెను. ఆ మూడును ఏల విడిచిపెట్టవలెను? అతడు వెనుకకు నడచి వచ్చుచుండగా రక్షణ లేని క్షణముండరాదు గనుక. ఈ నడకను కన్నులు మూసికొని ఒక్కసారి మనస్సులో నడచి చూచినవానికి అంకెలు వేరుగా కంఠస్థము చేయు పని లేదు.

ఇక మన ప్రాంతమునకు సంబంధించిన ఒక విషాదమును తలపవలసి యున్నది. 2023వ సంవత్సరము అక్టోబరు 29వ తేది రాత్రి విజయనగరము జిల్లాలో కంటకాపల్లి – అలమండ స్టేషనుల నడుమ, విశాఖపట్టణము నుండి పలాస పోవు పాసింజరు బండిని వెనుకనుండి విశాఖపట్టణము – రాయగడ పాసింజరు ఢీకొనెను. పదిమందికి పైగా మరణించిరి. వెనుక బండిని నడుపుచున్నవారును మృతులలో నున్నారు. అచ్చటి ఆటోమేటిక్ సిగ్నళ్ళు రెండు లోపముతో నుండగా, అట్టి సిగ్నళ్ళకడ పాటింపవలసిన నియమము పాటింపబడలేదని ప్రాథమిక విచారణలో తేలినట్లు ప్రకటింపబడెను. మృతులను నిందించుటకు నేనీ మాట ఎత్తలేదు. ఆ నియమము ఎట్టిదో, అది ఎంత చిన్నదో మీరు గ్రహింపవలెనని ఎత్తితిని.

ఆటోమేటిక్ స్టాపు సిగ్నలుకు తెల్లని వృత్తములో ‘ఏ’ అను ఆంగ్లాక్షరము గుర్తుగా నుండును. అది ఎరుపు చూపినచో డ్రైవరు బండిని పూర్తిగా ఆపవలెను. పగలైన ఒక నిమిషము, రాత్రియైన రెండు నిమిషములు నిరీక్షింపవలెను. అప్పటికిని ఎరుపే యున్నచో ఈల వేసి, గార్డుతో సంకేతములు మార్చుకొని, ఎదుట అడ్డంకి యున్నను దానికి ఇవతలనే ఆగగలుగునంత మందగతితో తరువాతి సిగ్నలు వరకు పోవలెను. ఆ తరువాతి సిగ్నలు దూరమునుండి అనుకూలముగా కనబడినను, దానికడకు చేరువరకు ఆ జాగ్రత్త విడువరాదు. దానికి నా గుర్తు: ‘పగలొకటి, రేయి రెండు; చేరువరకు చూపు ముందు.’ రేయి, రెండు – రెండును రేఫతో మొదలగును. రాత్రి చూపు ఆనదు గనుక ఎక్కువసేపు ఆగుమని భావించిన మరువరాదు.

లెవెల్ క్రాసింగును కాపాడు గేటు సిగ్నలుకు పసుపు వృత్తములో ‘జీ’ అను అక్షరముండును. అచ్చటను నిరీక్షించు కాలము ఇంతే. ఆ పిదప గేటువరకు జాగ్రత్తగా పోయి, గేటు సంగతి తెలిసికొనిన తరువాతనే దాటవలెను. ఇచ్చట ఒక హెచ్చరిక. ఈ ‘ఒకటి – రెండు’ అన్ని సిగ్నళ్ళకు వర్తించునని పొరపడవలదు. అట్టి అక్షరమేదియు లేని మామూలు స్టాపు సిగ్నలు ఎరుపుగా నున్నచో రెండు నిమిషములు గాదు, రెండు గంటలైనను నిలువవలసినదే. వ్రాతమూలకమైన అనుమతి గాని నియమములలో చెప్పిన ఇతర అధికారము గాని లేనిదే దానిని దాటరాదు. కావున గుర్తులో మొదటి మాట ‘అక్షరము చూడుము’ అని ఉండవలెను. అక్షరము చూచిన పిదపనే నిమిషములు.

రెండు నిమిషములు ఏపాటి కాలము? ఈ సభలో మనము కుర్చీలు సర్దుకొనుటకు అంతకంటె ఎక్కువ పట్టినది. కాని ఆలస్యమైన బండి నడుపువానికి, వెనుక వందలమంది ప్రయాణికులు విసుగుకొనుచుండగా, చీకటిలో ఊరక నిలుచు రెండు నిమిషములు యుగములుగా తోచును. అట్టి వేళ పుస్తకము అతని చేతిలో ఉండదు. నాలుక మీద నున్నదే ఉండును.

నాలుక మాట వచ్చినది గనుక చెప్పుచున్నాను. జ్ఞాపకమునకు తల యొక్కటే స్థానము కాదు; నోరును, చేయియు, కన్నును కూడ గుర్తుంచుకొనును. మన రైళ్ళలో ప్రతి సిగ్నలును చూచినంతనే డ్రైవరును అతని సహాయకుడును దాని సూచనను ఒకరికొకరు పైకి చెప్పుకొనవలెనని నియమమున్నది. జపాను దేశమువారు దీనికి చేతిని కూడ జోడించిరి. సిగ్నలును వ్రేలితో చూపి, దాని స్థితిని బిగ్గరగా పలుకుదురు. చూచువారికి ఇది వింతగా తోచును. 1994వ సంవత్సరమున అచ్చటి రైల్వే సాంకేతిక పరిశోధన సంస్థవారు పరీక్షించి చూడగా, ఒక సామాన్యమైన పనిలో నూటికి 2.38గా నున్న తప్పులు వ్రేలితో చూపి పలుకుటవలన 0.38కి తగ్గెను. న్యూయార్కు నగరపు భూగర్భ రైళ్ళలో 1996 నుండి కండక్టరులు ప్లాట్‌ఫారము మీద నున్న పలకను వ్రేలితో చూపిన పిదపనే తలుపులు తెరచు ఆచారము వచ్చినది. మన పెద్దలు సంకల్పమును మనస్సులో ననుకొనక పైకి చెప్పి చేతిలో నీరు విడిచిన పద్ధతి నాకు జ్ఞప్తికి వచ్చును. పలికినది తప్పైన ప్రక్కవాడు వినును. మన చెవియు వినును.

కాని మనిషి ఎంత చదివినను మరచును. ఈ సత్యమును ఒప్పుకొనుటయే అన్ని ఉపాయములలో గొప్పది. 1915వ సంవత్సరము మే 22వ తేదిన స్కాట్లండులో క్వింటిన్స్‌హిల్ అను చోట ఘోరప్రమాదము జరిగెను. ఒక లోకల్ బండిని కాబిన్ ఎదుటనే ప్రధాన దారిలో నిలిపియుంచిరి. పగటి పనికి వచ్చిన సిగ్నలరు ఆ బండి మీదనే వచ్చి దిగినవాడు. కాబిన్‌లో చేరి, రాత్రి మనిషి కాగితము మీద వ్రాసియుంచిన వివరములను పుస్తకములోనికి ఎక్కించు పనిలో పడి, కిటికీ ఎదుట నిలిచియున్న ఆ బండిని మరచెను. సైనికులతో వచ్చుచున్న బండికి దారి యిచ్చెను. అది లోకల్ బండిని ఢీకొనెను. ఆ శకలముల మీదికి ఎదురు దారిలో వచ్చిన ఎక్స్‌ప్రెస్సు దూసికొని వచ్చెను. రెండు వందల ఇరువదిమందికి పైగా మరణించిరి.

అచ్చట నియమములు లేకపోలేదు. బండి సిగ్నలుకడ నిలిచిపోయిన దాని సిబ్బందిలో ఒకరు కాబిన్‌కు పోయి సిగ్నలరుకు జ్ఞాపకము చేయవలెనని నియమము. ఆ లోకల్ బండి ఫైర్‌మన్ కాబిన్‌కు పోయెను. పుస్తకములో సంతకమును చేసెను. కాని లీవరుకు కడియము తొడిగినారో లేదో చూడక వెడలిపోయెను. కడియమనగా లీవరు పిడికి తొడుగు ఇనుప వలయము. అది యున్నంతవరకు లీవరును లాగుట సాధ్యము కాదు. ‘ఈ దారిలో బండి యున్నది’ అని తలకు బదులు చేతికి చెప్పు గుర్తు అది. సంతకము పడెను, కడియము పడలేదు. నియమము మాట నిలిచెను, ప్రాణము పోయెను.

ఈ కథను నేను ఇంతగా చెప్పుటకు కారణము కలదు. నా యౌవనమున ఒక చిన్న స్టేషను కాబిన్‌లో లీవర్లు లాగు పనిలో నుంటిని. ఒక వానరాత్రి సామాను బండి యొకటి ప్రధాన దారిలో నిలిచియుండెను. ఇంటిలో బిడ్డకు జ్వరము. రెండు రాత్రులుగా నాకు సరియైన నిద్ర లేదు. తెల్లవారుజామున ఇంకొక బండి వచ్చుచున్నదని కబురు వచ్చినంతనే లేచి అలవాటు చొప్పున లీవరు మీద చేయి వేసితిని. అరచేతికి చల్లని ఇనుము తగిలెను. సాయంకాలము నేనే తొడిగిన కడియమది. తొడిగిన సంగతియు నాకు గుర్తు లేదు. ఎదుట నున్న బండియు గుర్తు లేదు. నా తల మరచినదానిని ఆ ఇనుప ముక్క గుర్తుంచుకొనెను. ఆ పిమ్మట చాలసేపు నేను కూర్చుండిపోతిని. ఈ సంగతిని ఇన్ని యేండ్లుగా ఎవరికిని చెప్పలేదు. నేడు ఆ బల్లకడ చదువుకొను పిల్లల కొరకు చెప్పితిని.

యంత్రములు నేడు ఈ పనిలో చాల ముందునకు వచ్చినవి. 1889వ సంవత్సరమున ఐర్లండులోని ఆర్మా ప్రమాదములో ఎనుబదిమంది మరణించిన పిదప బ్రిటిషు పార్లమెంటు ఆ యేటనే శాసనము చేసి మూడింటిని నిర్బంధము చేసెను. అవి లాకు, బ్లాకు, బ్రేకు. లీవర్లు పరస్పర విరుద్ధముగా కదలకుండ లాకు. సెక్షనుకు ఒక బండియే యుండునట్లు బ్లాకు. బండి తెగిన దానంతట అదియే పడు బ్రేకు. మూడు మాటలలో ఒక శాసనమే ఇమిడినది. మన దేశమున కవచ్ అను పరికరము ఎరుపును దాటబోవు బండికి తానే బ్రేకు వేయును. దాని పరీక్షలు మన దక్షిణ మధ్య రైల్వేలోనే, లింగంపల్లి – వికారాబాదు ప్రాంతమున జరిగినవి. 2022వ సంవత్సరము మార్చి 4వ తేదిన గుల్లగూడ – చిట్గిద్ద స్టేషనుల నడుమ దానిని ప్రదర్శించిరి. ఇవి యన్నియు శుభపరిణామములు. కాని యంత్రము చెడిన క్షణముననే నియమము అవసరమగును. కంటకాపల్లికడ కావలసి వచ్చినదియు చెడిన సిగ్నలుకు చెప్పిన నియమమే గదా!

కావున, నాయనలారా, అమ్మాయిలారా, మీకు నాలుగు మాటలు చెప్పి ముగింతును. ప్రతి నియమమునకు ముందు కారణమును తెలిసికొనుడు, పిదప గుర్తును కట్టుకొనుడు. కట్టిన గుర్తును ఇంకొకనికి చెప్పి, అతడు దానిని తప్పుగా అర్థము చేసికొనుటకు సందున్నదేమో చూడుడు. నియమము మారిన గుర్తును మార్చుడు. చివరకు, మీ జ్ఞాపకమును మీరే సందేహింపుడు. కడియము తొడుగుటకు సిగ్గుపడకుడు.

గ్రంథాలయమును గూర్చి మాట్లాడనంటిని గాని ఒక్క మాట చెప్పక తీరదు. మనిషి మరచునని ఎరిగినవారే మొదట పుస్తకము వ్రాసిరి. ఒకరి తల మరచినదానిని పదిమంది కొరకు భద్రపరచు స్థలమిది.